ఖోట్లాలో సామెత: దక్షిణాఫ్రికా నల్లజాతి దైవశాస్త్రం, జానపద లోకోక్తులు – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

దక్షిణాఫ్రికాలో 1970ల నుంచి ఎదిగిన నల్లజాతి దైవశాస్త్రం అట్టడుగు జనం పక్షాన మాట్లాడింది. అయినా ఆ జనం నిత్యం వాడుకునే సామెతలను అది ఆలస్యంగా, అనుమానంగా స్వీకరించింది. 1916లో సోల్ ప్లాట్జె వెలువరించిన త్స్వానా సామెతల సంకలనం మొదలుకొని 1990లలో ‘ఉబుంటు’ ప్రభుత్వ పరిభాషగా మారినంతవరకు ఈ సంబంధం నడిచిన తీరును ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సామెత బలం అది చెప్పే నీతిలో కంటే, దానికి ఎదురుసామెత చెప్పగలిగే హక్కులో ఉందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: నల్లజాతి దైవశాస్త్రం, త్స్వానా సామెతలు, సోల్ ప్లాట్జె, ఖోట్లా, ఉబుంటు, బొసాడీ.

1. ఉపోద్ఘాతం

అమెరికాలో జేమ్స్ కోన్ 1969లో ‘బ్లాక్ థియాలజీ అండ్ బ్లాక్ పవర్’ ప్రకటించినప్పుడు అది తెల్లవారి దైవశాస్త్రంపై తిరుగుబాటుగా నిలిచింది. అయితే తిరుగుబాటు చేసిన గ్రంథమే తన వాదానికి ఊతంగా కార్ల్ బార్త్, పాల్ టిలిక్ వంటి యూరపు పండితులను ఆశ్రయించిందన్న విమర్శ త్వరలోనే వచ్చింది. ఆ విమర్శ చేసినవారు పరాయివారు కారు. చార్లెస్ లాంగ్, గేరాడ్ విల్మోర్, స్వయానా కోన్ సోదరుడు సెసిల్ కోన్. నల్లజాతి విముక్తిని ప్రతిపాదించే శాస్త్రానికి నల్లజాతి జీవితమే ముడిసరుకు కావద్దా అని వారు నిలదీశారు. కోన్ ఆ మాటను తోసిపుచ్చలేదు. 1972లో బానిసల భక్తిగీతాల మీద, బ్లూస్ మీద ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశారు. 1991లో డ్వైట్ హాప్కిన్స్, జార్జ్ కమింగ్స్ బానిసల జీవితకథనాలే ఆధారంగా ఒక వ్యాససంపుటిని తెచ్చారు. పాట, కథ, జ్ఞాపకం ఇలా ఒక్కొక్కటిగా దైవశాస్త్రంలోకి అడుగుపెట్టాయి.

దక్షిణాఫ్రికాలో ఈ ప్రశ్న మరింత చిక్కుగా ఎదురైంది. 1967లో ఏర్పడిన యూనివర్సిటీ క్రిస్టియన్ మూవ్‌మెంట్ 1971లో నల్లజాతి దైవశాస్త్ర సదస్సులు నిర్వహించింది. ఆ సదస్సుల ఫలితంగా 1972లో మొఖెతి మొత్లాబి సంపాదకత్వంలో వెలువడిన వ్యాససంపుటిని ప్రభుత్వం నిషేధించింది. మరుసటి ఏడాది బేసిల్ మూర్ దానిని లండన్‌లో ప్రచురించారు. స్టీవ్ బికో వ్యాసం కూడా అందులో ఉంది. బికో ప్రభృతులు 1969లో స్థాపించిన విద్యార్థి సంస్థ ‘నల్లవారు’ అనే మాటను చర్మపు రంగుకు పరిమితం చేయలేదు. చట్టం, సంప్రదాయం కలిసి అణచివేసినవారందరినీ, ఆ అణచివేతను కలిసి ఎదిరించదలచినవారందరినీ ఆ మాటలో చేర్చింది. 1860 నుంచి చెరకు తోటల కూలీలుగా నాటాల్ చేరిన తెలుగువారి సంతతికి కూడా ఆ నిర్వచనంలో చోటుంది. 1903లో తెలుగు బాప్టిస్టుల స్వదేశీ మిషనరీ సంఘం నెల్లూరు ప్రాంతం నుంచి జాన్ రంగయ్యను పంపింది ఆ నాటాల్‌కే. తెలుగు పాఠకుడికి ఈ చరిత్ర పూర్తిగా పరాయిది కాదని గుర్తుచేయడానికే ఈ ప్రస్తావన.

కొత్త దైవశాస్త్రం విశ్వవిద్యాలయాల్లో, సెమినరీల్లో ఇంగ్లీషులో రూపుదిద్దుకుంది. అది ఎవరి గురించి మాట్లాడిందో వారు మాత్రం త్స్వానా, సోతో, జులూ, ఖోసా భాషల్లో ప్రార్థిస్తూ, పోట్లాడుకుంటూ, పంచాయితీలు తీర్చుకుంటూ బతికారు. ఈ రెంటి మధ్య దూరాన్ని సామెత ఎంతవరకు పూడ్చగలిగింది? ఈ వ్యాసం తన పరిశీలనను ఒకే కుదురుకు చెందిన త్స్వానా, సోతో, పెడి భాషల సామెతలకు ప్రధానంగా పరిమితం చేసుకుంటుంది.

2. 1916: ఒకే ఏడాది, ఒకే చేయి

‘సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు’ అని తెలుగువారు చెప్పుకున్నట్టే, ఆఫ్రికా భాషల్లోనూ సామెతను గురించిన సామెతలున్నాయి. అయితే ఆ మాటల విందును తొలుత అచ్చులోకి ఎక్కించినవారిలో ఎక్కువమంది మిషనరీలు. లెసోతోలో పనిచేసిన ఫ్రెంచి మిషనరీ యూజీన్ కసాలిస్ 1859లో బసోతో ప్రజల గురించి ప్రకటించిన గ్రంథంలో వారి సామెతలకు చోటిచ్చారు. మొరిజా మిషన్ ముద్రణాలయం నుంచి 1893లో వచ్చిన అజరియేలె సెకెసె పుస్తకం మాత్రం స్థానికుడు స్వభాషలో చేసిన సేకరణ. తెలుగునాట కెప్టెన్ కార్ 1868లో ‘ఆంధ్రలోకోక్తి చంద్రిక’ వెలువరించిన కాలం కూడా ఇదే. పాలకుడికీ ప్రచారకుడికీ జనం మాట తెలియాలి. అది తెలుసుకోవడానికి సామెత దగ్గరిదారి.

సోల్ ప్లాట్జె సంకలనం ఈ వరుసలో ఇమడదు. 1876లో జన్మించి బెర్లిన్ మిషన్ నీడలో పెరిగిన ప్లాట్జె పత్రికాసంపాదకుడు, కోర్టు దుబాసీ. 1912లో ఏర్పడిన జాతీయ కాంగ్రెసుకు తొలి ప్రధాన కార్యదర్శి. 1913 నాటి భూమి చట్టం నల్లవారికి దేశంలో సుమారు 7 శాతం నేలను కేటాయించి, ఆ హద్దులు దాటి భూమి కొనడాన్ని, కౌలుకు తీసుకోవడాన్ని నిషేధించింది. దానిపై బ్రిటిష్ ప్రభుత్వానికి మొరపెట్టుకోవడానికి 1914లో వెళ్లిన ప్రతినిధివర్గంలో ప్లాట్జె ఒకరు. మొర ఆలకించినవారు లేరు. యుద్ధం మొదలైంది. తక్కినవారు తిరిగివచ్చినా ఆయన 1917 వరకు లండన్‌లోనే ఉండిపోయారు.

అక్కడ ఉండగా 1916లో ఆయన పుస్తకాలు మూడు వెలువడ్డాయి. మొదటిది భూమి చట్టపు దారుణాలను నమోదుచేసిన ‘నేటివ్ లైఫ్ ఇన్ సౌత్ ఆఫ్రికా’. రెండవది ధ్వనిశాస్త్రవేత్త డేనియల్ జోన్స్‌తో కలిసి తయారుచేసిన త్స్వానా వాచకం. మూడవది 732 త్స్వానా సామెతల సంకలనం. ప్రతి సామెతకు ఇంగ్లీషులో యథాతథ అనువాదమూ, దొరికినచోట యూరపు భాషల్లోని సమానార్థక సామెతా ఇచ్చారు. చరిత్రకారులు తొలి పుస్తకాన్ని రాజకీయమనీ, మూడవదాన్ని జానపదమనీ విడదీసి చదవడం పరిపాటి. ఆ విభజన సరైనది కాదు. రెండు పుస్తకాల వెనుక ఉన్నది ఒకే నష్టం. పొలం నుంచి వెళ్లగొట్టబడ్డవాడు పొలంతోపాటు ఆ పొలం మీద పుట్టిన భాషను కూడా కోల్పోతాడు. పశువుల మందలో పుట్టిన సామెత మంద లేనిచోట ఎవరికి అర్థమవుతుంది? సామెతల పుస్తకపు ముందుమాటలో ప్లాట్జె పశుపాలక జాతులన్నిటి నడుమ ఉన్న పోలికను ఎత్తిచూపి, యూదుల చరిత్రలోని ఘట్టాలు కొన్ని గత శతాబ్దపు త్స్వానాల కథలాగే ఉంటాయన్నారు. తరువాతి నల్లజాతి దైవశాస్త్రం నిర్గమకాండాన్ని తమ కథగా చదువుకున్న పద్ధతికి ఇది పూర్వరూపం. ఆయన ఆ పోలికను చర్చి వేదిక మీద నుంచి కాక సామెతల పుస్తకంలో చెప్పారు.

‘నేటివ్ లైఫ్’ తొలి వాక్యంలో నల్లవాడి కొత్త స్థితికి ప్లాట్జె వాడిన మాట ‘పరయా’. దక్షిణభారతపు పరయ కులనామం నుంచి ఇంగ్లీషులోకి చేరిన పదమది. సముద్రం దాటి వెళ్లిన ఆ మాట అక్కడా అదే పని చేసింది.

ప్లాట్జె 1913లో సైకిలు మీద తిరిగి నిర్వాసిత కుటుంబాలను కలుసుకున్నారు. ఫ్రీ స్టేట్ రైతులు తమ పొలాల్లో పాలుకు సేద్యం చేస్తున్న నల్లవారికి ఇచ్చిన షరతు ఇది: మీ ఎడ్లతో సహా మాకు పాలేర్లుగా ఉండండి, లేదా వెళ్లిపోండి. వెళ్లిపోయినవారి మందలు దారుల్లో చచ్చాయి. ఖొబాడీ కుటుంబం దారిలో మరణించిన పసిబిడ్డను ఎవరి నేలలోనో రాత్రివేళ దొంగతనంగా పూడ్చిపెట్టవలసివచ్చింది. ఆ సంఘటనను మనసులో ఉంచుకొని సోతో, పెడి ప్రజల నోట నిత్యం వినిపించే ‘ఫెటా ఖోమో ఓ త్స్వారే మోతో’ అన్న సామెతను చదవాలి. ‘ఆవును వదిలెయ్, మనిషిని పట్టుకో’ అని దాని అర్థం. లింపోపోలో ఈ సామెత ఒక ప్రాంతానికి పేరుగా కూడా నిలిచింది. దానిని మానవతకు ప్రశంసగా వివరించడం సులభం. ఆవు అంటే ఏమిటో తెలిసినవాడు మాత్రం అంత సులభంగా చెప్పడు. ఆవు అంటే పాలు, ఓలి, నాగలి, రేపటి తిండి. దానిని వదులుకోమంటున్న సామెత చిన్న కోరిక కోరడం లేదు. భూమి చట్టం ఆ సామెతను తలకిందులు చేసింది. ఎడ్లను పట్టుకుంది, మనిషిని దారిలో వదిలేసింది.

3. అనువాదం, సంస్కృతి, అనుమానం

ఇంత సామగ్రి చేతిలో ఉండి కూడా 1970ల దైవశాస్త్రవేత్తలు సామెత వైపు ఎందుకు తొందరపడలేదు? ‘ఆధునిక విద్యావంతులకు జానపదమంటే చిన్నచూపు’ అన్న జవాబు ఇక్కడ చాలదు. చరిత్రలోనే కారణాలున్నాయి.

మొదటిది బైబిలు అనువాదం. రాబర్ట్ మాఫట్ త్స్వానాలో కొత్త నిబంధనను 1840లోను, పూర్తి బైబిలును 1857లోను ప్రచురించారు. దేవుడికి ‘మొదిమో’ అనే స్థానిక పదాన్నే ఉంచారు. పితృదేవతలను సూచించే ‘బదిమో’ అనే మాటను మాత్రం దయ్యాలకు వాడారు. బోట్స్వానా పండితురాలు ముసా దూబె 1999లో ఈ సంగతిని విశ్లేషిస్తూ దీనిని సంస్కృతి మీద వేసిన బాంబుగా అభివర్ణించారు. తాతముత్తాతల నోటిమాటగా సామెత చెప్పుకునే సమాజంలో ఆ తాతముత్తాతలే దయ్యాలైపోతే సామెత ప్రామాణ్యం ఏమవుతుంది? క్రైస్తవుడైన త్స్వానా ఒక చేత్తో బైబిలు, మరో చేత్తో సామెత పట్టుకోవాలంటే రెంటి మధ్య ఈ పగులును దాటక తప్పలేదు. గేబ్రియల్ సెతిలోఆనె 1976లో సోతో-త్స్వానాల దైవభావనపై ప్రకటించిన గ్రంథం ఆ పగులును పూడ్చే గట్టి ప్రయత్నం.

రెండవ కారణం మరింత బలమైనది. వర్ణవివక్ష ప్రభుత్వం ఆఫ్రికా సంస్కృతిని నిషేధించలేదు. దానిని మెచ్చుకుంది, వాడుకుంది. 1953 బంటూ విద్యా చట్టం, ‘రేడియో బంటూ’, భాషలవారీగా విడగొట్టిన హోంలాండ్లు అన్నీ ‘మీ సంస్కృతి మీకు’ అనే తీయని మాట మీద నిలిచినవే. 1977 డిసెంబరులో స్వతంత్రమని ప్రకటించిన బొఫుతత్స్వానా అనే ముక్కలచెక్కల రాజ్యం తన చిహ్నం మీద చెక్కుకున్నది కూడా ఒక త్స్వానా సూక్తినే. ‘చేయీచేయీ కలపండి, వాన కురుస్తుంది’ అని దాని భావం. అదే ఏడాది సెప్టెంబరు 12న బికో పోలీసు నిర్బంధంలో మరణించారు. సంస్కృతి పేరు వింటే నల్లజాతి మేధావి ఉలిక్కిపడడంలో వింత లేదు.

ఈ ఉలికిపాటు పండితుల మధ్య ఒక చీలికగా కూడా కనిపించింది. కెన్యా పండితుడు జాన్ ఎంబిటి నల్లజాతి దైవశాస్త్రం అమెరికా పరిస్థితుల బిడ్డ అనీ, ఆఫ్రికాకు దాని అవసరం అంతగా లేదనీ 1974లో వాదించారు. సంప్రదాయం, సామెత, పితృపూజ ‘ఆఫ్రికా దైవశాస్త్రం’ వాటాకు, వర్ణం, వర్గం, భూమి ‘నల్లజాతి దైవశాస్త్రం’ వాటాకు వెళ్లాయి. డెస్మండ్ టూటూ 1975లో ఈ రెండూ ఆత్మబంధువులా విరోధులా అని ప్రశ్నిస్తూ సయోధ్యకు పూనుకున్నారు. పంపకం మాత్రం చాలాకాలం కొనసాగింది. బికో 1971లోనే ఆఫ్రికా సాంస్కృతిక భావనలను గురించి చేసిన ప్రసంగంలో సంస్కృతి మ్యూజియం వస్తువు కాదని వాదించారు. ఆ దారిని ఆయన సహచరులు వెంటనే అందుకోలేదు.

విద్యాలయాల వెలుపలివారు ఈలోగా తమ మాట తామే చెప్పారు. ఆఫ్రికా స్వతంత్ర చర్చిల సభ్యులు 1985లో ‘స్పీకింగ్ ఫర్ అవర్‌సెల్వ్స్’ అనే చిన్న పుస్తకాన్ని వెలువరించారు. ఇతరులు మమ్మల్ని గురించి రాసినది చాలు, మా సంగతి మేం చెబుతామన్నదే దాని సారం. ఇతుమెలెంగ్ మొసాలా 1989 నాటి గ్రంథంలో, నల్లజాతి దైవశాస్త్రం జనం చేతి ఆయుధం కాలేకపోయిందని స్వయంగా అంగీకరించారు. బైబిలు మొత్తాన్ని వివాదాతీతమైన దైవవాక్కుగా స్వీకరించడమే అందుకు కారణమన్నారు. గ్రంథంలో పాలకుల గొంతూ ఉంటుంది, పాలితుల గొంతూ ఉంటుంది, వేరుచేసి వినాలి అన్నది ఆయన పద్ధతి. ఆ పద్ధతి సామెతకు కూడా వర్తిస్తుంది. సామెతల మూటలో మంద యజమాని మాట ఉంటుంది, కాపరి మాటా ఉంటుంది.

తకాట్సో మొఫొకెంగ్ 1988లో రాసిన వ్యాసంలో ప్రస్తావించిన ఒక నానుడి ఇక్కడ గమనార్హం. తెల్లవాడు వచ్చిన నాడు వాడి చేతిలో బైబిలు, మన చేతిలో నేల. ఇప్పుడు నేల వాడి చేతిలో, బైబిలు మన చేతిలో. దక్షిణాఫ్రికాలో దీనిని ఎరగని నల్లవాడు అరుదు. దీనిని కొందరు టూటూకు, కొందరు జోమో కెన్యట్టాకు ఆపాదిస్తారు. ఆపాదించే పేర్లు మారుతున్నాయంటేనే అది జనం సొత్తు అని అర్థం. పూర్వికులు ఇచ్చిన సామెతలతో ఆగకుండా వలసపాలన మీద జనం స్వయంగా చేసుకున్న కొత్త సామెత ఇది. మాఫట్ బైబిలు, 1913 చట్టం రెండూ ఇందులో ఒదిగిపోయాయి. దీనికి కర్త లేడు, దీనిని ఏ సెమినరీ ఆమోదించనూ లేదు. అయినా మొసాలా, మొఫొకెంగ్‌లు పుస్తకాల్లో విప్పిచెప్పిన సమస్య అంతా ఇందులో ఉంది.

4. ఖోసి, ఖోట్లా, కైరోస్

త్స్వానా ఊరి నడుమ అర్ధచంద్రాకారపు దడి లోపల సభ జరిగే చోటును ఖోట్లా అంటారు. పాలకుడైన ఖోసి అక్కడ తగవులు విని తీర్పు చెబుతాడు. ముందు అందరూ మాట్లాడాలి, ఆయన చివర మాట్లాడాలి. ఆ సభకు సంబంధించిన సామెత ఒకటి ఖోట్లాలో పలికిన ప్రతి మాటా మంచిదేనంటుంది. చెడు మాట పలికేవాడు పలికితేనే మంచి మాట ఉన్నవాడు దానిని బయటపెడతాడని మరొకటి దానికి వివరణ ఇస్తుంది. పెద్ద యుద్ధం నోటితో చేసేదేనని ఇంకొకటి. ఇవి మర్యాద పాఠాలు కావు, సభా నియమాలు. వాది ఒక సామెత విసిరితే ప్రతివాది మరొకటి విసురుతాడు. సామెత అక్కడ తీర్పు కాదు, వాదం. సంకలనంలోకి ఎక్కిన సామెత ఈ ఎదుటివాడిని కోల్పోతుంది. అచ్చుపుస్తకంలో పక్కపక్కనే ఉన్న రెండు విరుద్ధ సామెతలు పాఠకుడికి అసంబద్ధంగా తోచడానికి కారణమిదే.

ఈ సభకు పునాది ‘ఖోసి కే ఖోసి కా మొరాఫే’ అనే సామెత. జనం ఉంటేనే ఖోసి ఖోసి. 1927 చట్టం గవర్నర్ జనరల్‌ను నల్లవారందరికీ సర్వోన్నత నాయకుడిగా ప్రకటించింది. 1951 బంటూ అధికారాల చట్టం గ్రామ నాయకులను ప్రభుత్వ యంత్రాంగంలో కీలులుగా మార్చింది. జనం వల్ల ఖోసి అయినవాడు ఇకపై కమిషనర్ వల్ల ఖోసి. 1957లో జీరస్ట్ జిల్లా దినోకానాలో ఇది పరాకాష్ఠకు చేరింది. స్త్రీలు పాసుపుస్తకాలు తీసుకోవడానికి నిరాకరించారు. వారిని ఒప్పించడానికి సిద్ధపడని హురుత్సే నాయకుడు అబ్రామ్ మొయిలోవాను అధికారులు పదవినుంచి తొలగించారు. పాసులు తగలబడ్డాయి, పోలీసులు దిగారు, వందలాది మంది సరిహద్దు దాటి బెచువానాలాండ్ చేరారు. అక్కడ ఆంగ్లికన్ గురువుగా ఉండి ఆ స్త్రీల పక్షాన నిలిచిన చార్లెస్ హూపర్ ఆ చరిత్రను 1960లో పుస్తకంగా రాశారు. దానికి పెట్టిన పేరు ‘బ్రీఫ్ అథారిటీ’, షేక్‌స్పియర్ నాటకంలోని మాట.

అధికారం క్షణికమని చెప్పడానికి హూపర్ షేక్‌స్పియర్‌ను తలచుకోవడం సహజం, ఆయన భాష అది. పాతికేళ్ల తరువాతి సంగతి అంత సులభంగా సమాధానపడనిది. 1985లో సొవెటో తదితర ప్రాంతాల క్రైస్తవులు వెలువరించిన కైరోస్ పత్రం, రోమా పత్రిక 13వ అధ్యాయాన్ని చూపి ప్రభుత్వానికి విధేయత బోధించేవారి వాదాన్ని ‘రాజ్య దైవశాస్త్రం’ అని పేరుపెట్టి ఖండించింది. నిరంకుశుడు ఎవరు అన్న ప్రశ్నకు అది క్రైస్తవ సంప్రదాయంలోని లాటిన్ నిర్వచనాన్ని ముందుకు తెచ్చింది. సర్వజనశ్రేయస్సుకు శత్రువైనవాడే నిరంకుశుడు. వాదం బలమైనది, అవసరమైనది. కానీ ఆ పత్రం ఉద్దేశించిన జనంలో లాటిన్ తెలిసినవారెందరు? జనం కాదన్న ఖోసి ఇక ఖోసి కాడన్న సంగతి దినోకానా స్త్రీలకు ఏ లాటిన్ నిర్వచనమూ నేర్పలేదు. సామెత తరతరాలుగా నేర్పింది. లాటిన్ నిర్వచనం చర్చి పెద్దలను ఒప్పించడానికి పనికొచ్చింది. సామెత అయితే ఆ పత్రాన్ని బస్సుల్లో, గని కార్మికుల హాస్టళ్లలో నోటికి వచ్చే మాటగా మార్చేది.

5. ఉబుంటు: ఎదురుమాట పోయిన సామెత

ఒక్క సామెతకు మాత్రం ఈ నిర్లక్ష్యం వర్తించదు. త్స్వానాలో ‘మోతో కే మోతో కా బాతో’, జులూలో ‘ఉముంటు ఎన్‌గుముంటు ఎన్‌గాబంటు’. మనుషుల వల్లనే మనిషి మనిషి. టూటూ ప్రసంగాల ద్వారా ఉబుంటు అనే మాట ప్రపంచమంతా తిరిగింది. 1993 తాత్కాలిక రాజ్యాంగపు ముగింపు భాగంలో, పగకు కాక ఉబుంటుకు చోటివ్వాలన్న పిలుపుగా చేరింది. 1995లో మరణశిక్షను రద్దుచేసిన మక్వన్యానె కేసులో న్యాయమూర్తులు దానిని ఆధారం చేసుకున్నారు. ఇవ్వన్నీ చిన్న విజయాలు కావు. ఒక జానపద సామెత ఉరికంబాన్ని తొలగించడంలో పాలుపంచుకోవడం న్యాయచరిత్రలో అరుదు.

అయితే రాజ్యం నోటికి వచ్చిన సామెతకు బదులు చెప్పడం కష్టం. టూటూ అధ్యక్షతన 1996లో విచారణలు ప్రారంభించిన సత్య, సయోధ్య సంఘం, రాజకీయ నేరాలను పూర్తిగా వెల్లడించినవారికి క్షమాభిక్ష పెట్టే అధికారం కలది. హతుల కుటుంబాలు నేరస్థులపై దావా వేసే హక్కును కూడా ఆ క్షమాభిక్ష తుడిచిపెడుతుంది. దీనిని సవాలు చేస్తూ ఆజపో సంస్థతోపాటు రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లినవారిలో బికో భార్య నోన్‌ట్సికెలెలో ఉన్నారు. ఆజపో అధ్యక్షులుగా పనిచేసినవారిలో ఇతుమెలెంగ్ మొసాలా కూడా ఒకరు. 1996 జులైలో న్యాయస్థానం వారి అభ్యర్థనను తోసిపుచ్చింది. ఉబుంటుకు చోటివ్వాలన్న రాజ్యాంగ వాక్యమే క్షమాభిక్షకు ఆధారం.

బికోను చంపినవారూ మనుషులే కాబట్టి క్షమించాలి అన్నది సామెతకు ఒక అర్థం. మనుషుల వల్ల మనిషి అయితే, మనిషిని చంపినవాడు ఎవరి వల్ల మనిషిగా నిలుస్తాడో వారి ముందు జవాబు చెప్పి తీరాలి అన్నది మరొక అర్థం. రెండూ సామెతలో ఉన్నాయి. ఖోట్లాలో అయితే రెండూ వినబడేవి. పైగా ‘ఆవును వదిలెయ్, మనిషిని పట్టుకో’ అని గుర్తుచేసేవాడు ఒకడు లేచి, మరి వాళ్లు ఎప్పుడో పట్టుకుపోయిన ఆవుల సంగతేమిటని అడిగేవాడు. 1994 భూమి పునరుద్ధరణ చట్టం 1913 జూన్ 19 తరువాత కోల్పోయిన నేలకే హక్కు అడిగే వీలు కల్పించింది. ప్లాట్జె పుస్తకం ఏ ఉదయంతో మొదలవుతుందో దానికి ముందురోజే అది. అంతకుముందు పోయిన నేల ఆ లెక్కలోకి రాలేదు. ఉబుంటు గొంతు బలంగా వినిపించిన దశాబ్దంలో ఈ రెండవ సామెత అధికార వేదికల మీద అంతగా వినిపించకపోవడం యాదృచ్ఛికం అనిపించదు. క్షమించమనే సామెత రాజ్యానికి ఖర్చు పెట్టించదు.

6. దడి వెలుపలివారు

ఇంతవరకు ఖోట్లాను ఎదురుమాటకు చోటుగా చూపినదంతా సగం నిజమే. ఆనవాయితీ ప్రకారం ఆ సభలో మాట్లాడినది మగవారు. పలికిన ప్రతి మాటా మంచిదే, కానీ పలికే హక్కు అందరికీ లేదు. ఆడది ముందు నడిచిన మంద అగాధంలో పడుతుందనే సామెత త్స్వానాలోనూ పెడిలోనూ ఉంది. స్త్రీకి అత్తవారిల్లే సమాధి అన్నది పెడి సామెతల్లో మరొకటి. మొసాలా గ్రంథానికి వేసిన ప్రశ్నను సామెతకు వేసినవారు స్త్రీలు. ఘానా పండితురాలు మెర్సీ అంబా ఒడుయొయె 1995 నాటి ‘డాటర్స్ ఆఫ్ అనోవా’లో అకాన్ సామెతలు స్త్రీని కట్టడి చేసే పద్ధతిని వివరంగా చర్చించారు. దక్షిణాఫ్రికాలో మదిపొఆనె మసెన్యా ఈ పనిని మరింత లోతుకు తీసుకెళ్లారు.

మసెన్యా పాత నిబంధన పండితురాలు, ఉత్తర సోతో సమాజపు ఆడపడుచు. బైబిలులోని సామెతల గ్రంథం 31వ అధ్యాయంలో కనిపించే గుణవతియైన భార్య చిత్రణను తన సమాజపు సామెతలతో పక్కపక్కన ఉంచి చదివారు. 1996లో సిద్ధాంతగ్రంథంగా, 2004లో పుస్తకంగా వచ్చిన ఆ పరిశీలనకు ఆమె పెట్టుకున్న పేరు ‘బొసాడీ’, అంటే స్త్రీత్వం. ఇంగ్లీషు స్త్రీవాద పరిభాషను అరువు తెచ్చుకోకుండా స్వభాషాపదం మీదే సిద్ధాంతం నిర్మించడం ఆమె విశిష్టత. ఎయిడ్స్ కాలపు స్త్రీల గురించి రాసిన వ్యాసంలో ఆమె మరో అడుగు ముందుకు వేశారు. ఆఫ్రికా క్రైస్తవ స్త్రీ రెండు ప్రమాణాల నడుమ చిక్కుకుంది. ఒకటి బైబిలు, రెండవది సామెతలతో కూడిన మౌఖిక సంప్రదాయం. భర్త నుంచి జబ్బు సోకుతుందని తెలిసినా అత్తవారిల్లు వదలకూడదని సామెత చెబుతుంది, వివాహబంధం విడదీయరానిదని చర్చి చెబుతుంది. రెండు గొంతులూ ఒకటైనచోట ఆమెకు మిగిలేది నిజంగానే సమాధి.

సామెతను విముక్తికి వనరుగా ప్రతిపాదించే ఎవరైనా ఇక్కడ ఆగవలసిందే. సామెతలను ఏరి మంచివి ఉంచి చెడ్డవి పారవేద్దామన్న సూచన తరచూ వినిపిస్తుంది. అది సంకలనకర్త పరిష్కారం. జనం వాడుకలో సామెతలు అలా ఏరివేతకు లొంగవు. స్త్రీని, కింది కులాన్ని కించపరిచే సామెతలు తెలుగు సంకలనాలలోనూ కొల్లలు. వాటిని ముద్రణ నుంచి తొలగించినంతమాత్రాన నోటినుంచి తొలగిపోలేదు. మసెన్యా చేసినది ఏరివేత కాదు. ఒక సామెతకు ఎదురుగా మరొకదానిని నిలబెట్టి వాదించడం. ఖోట్లాలో మగవారు చేసే పనినే ఆమె దడి వెలుపల నుంచి చేశారు.

‘మ్మాంగ్వానా ఓ త్స్వారా తీపా కా బోగలెంగ్’. బిడ్డ తల్లి కత్తిని పదును వైపు పట్టుకుంటుంది. మంద అగాధంలో పడుతుందన్న సామెతకు ఇది సాటి జవాబులా కనిపిస్తుంది. 1913లో బ్లూమ్‌ఫాంటేన్‌లో పాసులకు వ్యతిరేకంగా కదిలి జైలుకు వెళ్లిన స్త్రీలను గురించి ప్లాట్జె రాశారు. 1956 ఆగస్టు 9న సుమారు 20,000 మంది స్త్రీలు ప్రిటోరియాలో ప్రభుత్వ భవనాల ముందు నిలబడ్డారు. మరుసటి ఏడాది దినోకానా. ఈ సామెతకు వీటికంటే సరైన వ్యాఖ్యానాలు దొరకవు. అయినా బొసాడీ దృష్టితో చదివితే ఇది కూడా వివాదాతీతం కాదు. తల్లినే ఎందుకు పట్టుకోమంటుంది? కత్తి పిడి ఎవరి చేతిలో ఉంది? సిలువను గురించిన క్రైస్తవ బోధ బాధను మోయడాన్నే పుణ్యంగా స్త్రీకి అంటగట్టిన చరిత్ర ఉన్నచోట ఈ సామెత ఆ బోధతో చేయి కలపగలదు. ఎదురు తిరిగి కత్తిని లాక్కోమనీ చెప్పగలదు. ఏ అర్థం నిలుస్తుందన్నది సామెతలో రాసిపెట్టి లేదు.

దక్షిణాఫ్రికా చర్చిల్లో ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్ల నుంచి ‘మన్యానో’ అనే స్త్రీల ప్రార్థనాసంఘాలున్నాయి. అవి గురువారం కూడతాయి. తెల్లవారి ఇళ్లలో పనిచేసే ఆడవారికి సెలవు దొరికేది ఆ మధ్యాహ్నమే. సంఘపు యూనిఫారం వేసుకొని వచ్చిన స్త్రీలు ఒకరి తరువాత ఒకరు లేచి ప్రార్థిస్తారు, సాక్ష్యం చెబుతారు, ఏడుస్తారు, పక్కవారి మాటను అందుకొని తమ మాట కలుపుతారు. ప్రసంగం అక్కడ ఏ ఒక్కరి సొత్తూ కాదు. గురువు ఉండడు, ఖోసి ఉండడు, దడి ఉండదు.